రేడియేటర్ మూత

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 4

వదినగారికి,

మీరు ఫోను ఎత్తడం లేదు. మూడుసార్లు చేశాను. మూడోసారి ఎత్తారు గాని నా గొంతు వినగానే పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం. చింపెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివాక చింపండి. ఇందులో నా సొంత అవసరం ఏమీ లేదు, ఉన్నదంతా మీ తమ్ముడిదే.

ఆయన ఎడమ కన్ను మీద డాక్టరు ఆశ వదిలేశారు. కుడి కంటికి ఏప్రిల్ నెలాఖరులో ఆపరేషన్ చేస్తామన్నారు. అప్పటిదాకా వారానికి రెండుసార్లు తీసుకెళ్ళి మందులు వేయించాలి. వెళ్ళడానికి రెండు బస్సులు మారాలి. దుమ్ము తగలకూడదంటారు, ఎండ తగలకూడదంటారు. మొన్న మంగళవారం బస్సులో ఎవరి మోచెయ్యో ఆయన కట్టు మీద తగిలింది. ఆయన నా చెయ్యి పట్టుకున్న పట్టు చూసి ఎంత నొప్పి పుట్టిందో అర్థమైంది.

కారు నవంబరు నుంచి పెరట్లో పట్టా కప్పుకుని అలాగే ఉంది. ముగ్గురు మెకానిక్కులు వచ్చి చూశారు. ఇద్దరు అమ్మెయ్యమన్నారు. మూడోవాడు బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, "దీని ఇంజను ఒక బండిది, ముందుభాగం ఇంకో బండిది. రేడియేటర్ ఎవరిదో దీన్ని కట్టినవాళ్ళనే అడగాలమ్మా" అని వెళ్ళిపోయాడు. పాతసామాను కొట్టులోంచి తెచ్చి దీన్ని కట్టింది మీరే కాబట్టి అడుగుతున్నాను. దీనికి ఏ రేడియేటర్ పడుతుంది? ఆ ఒక్కటి చెప్పండి. బిగించుకోవడం నేను చూసుకుంటాను. నాకు లైసెన్సు ఉంది, నడపడం కూడా వచ్చు.

మీకు రాస్తున్నట్టు ఆయనకు తెలియదు.

మీ తమ్ముడి భార్య

*

బస్సు డిపో, వర్క్‌షాపు,
ఫిబ్రవరి 11

నా తమ్ముడి భార్యకు,

చింపలేదు. వాడి కన్ను సంగతి నాకు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి రెండుసార్లు చదివాను.

ఆసుపత్రి వరండాలో నిన్ను అన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. బండి వేడెక్కితే రేడియేటర్ మూత ముట్టుకోకూడదని, మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయని వాడికి పదేళ్ళప్పుడే నేర్పాను. వాడంతట వాడు ముట్టుకోడు. పక్కన ఎవరో గోల పెట్టి ఉంటారు, ఆ పక్కన ఉన్నది నువ్వే. నలుగురిలో అన్నానని వాడు నన్ను "అక్కా, వెళ్ళిపో" అన్నాడు. వచ్చేశాను. ముప్ఫై మంది మగాళ్ళున్న షెడ్డులో పదహారేళ్ళ నుంచి పని చేస్తున్నాను, ఒక్కడు కూడా నన్ను పొమ్మనలేదు. నేను ఎత్తుకుని పెంచినవాడు పొమ్మన్నాడు.

నువ్వు పుస్తకాలు బైండింగ్ చేసేదానివి. రేడియేటర్ బిగించడం అట్ట అంటించడం లాంటిది కాదు. అయినా వాణ్ణి బస్సుల్లో తిప్పుతున్నావు కాబట్టి వేరే దారి లేదు. రేడియేటర్ నేనే పంపుతున్నాను, శనివారం పార్శిల్ ఆఫీసుకొస్తుంది. ఎక్కడా వెతకకు, దొరకదు.

పాతది ఇలా తియ్యి. పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టు. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పు. రేడియేటర్ అడుగున ఎడమ పక్క చిన్న మర ఉంటుంది, కింద బేసిన్ పెట్టి దాన్ని వదులు చెయ్యి. నీళ్ళన్నీ దిగాక పై పైపు, తర్వాత కింది పైపు విప్పు. పైపు అంటుకుపోతే స్క్రూడ్రైవర్‌తో పొడవకు, చిరుగుతుంది. ఫ్యానుకు వెళ్ళే వైరు ప్లగ్గు ఊడదియ్యి. పైన రెండు బోల్టులుంటాయి, పదో నంబరు స్పానర్ పడుతుంది. అవి తీశాక నిటారుగా పైకి ఎత్తు. కింద రెండు రబ్బరు దిమ్మలుంటాయి, పారెయ్యకు, కొత్తది కూడా వాటిమీదే కూర్చుంటుంది. దిగిన నీళ్ళు కాలవలో పొయ్యకు. అవి తియ్యగా ఉంటాయి, పిల్లులు తాగి చస్తాయి.

తీశాక రాయి. బిగించడం అప్పుడు చెబుతాను. ఒకేసారి చెబితే సగం మర్చిపోతావు.

అక్క (వాడికి)

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 26

వదినగారికి,

రేడియేటర్ అందింది. పెట్టె మీద "ఈ వైపు పైకి" అని బెత్తెడేసి అక్షరాలతో రాశారు. నాకు చదువు వచ్చు.

ఆదివారం పొద్దున పని మొదలుపెట్టాను. మీరు చెప్పనివి కొన్ని ఉన్నాయి. కింది పైపు క్లిప్పు తుప్పుపట్టి మరతో కలిసిపోయింది. దాన్ని విప్పడానికి గంటన్నర పట్టింది, రెండు వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి. పైపు అంటుకుపోతే పొడవొద్దన్నారు గాని ఏం చెయ్యాలో చెప్పలేదు. మా షాపులో కాగితం మడతలు నొక్కే చెక్క బద్ద ఉంటుంది. దాన్ని పైపు అంచు కిందికి దూర్చి చుట్టూ తిప్పాను. అట్ట లేచినట్టే లేచింది.

ఆయన వరండాలో కుర్చీలో కూర్చున్నారు. "ఏం చేస్తున్నావ్?" అన్నారు. కారు తుడుస్తున్నానన్నాను. "తుడవడానికి పదో నంబరు స్పానర్ ఎందుకు?" అన్నారు. చప్పుడు బట్టి నంబరు చెప్పేస్తారని నాకేం తెలుసు. ఎవరు నేర్పారని అడిగితే పుస్తకంలో చూశానన్నాను. ఏ పుస్తకమంటే, నేను కుట్టిందేనన్నాను. నవంబరు తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. మీరు చెప్పారన్న సంగతి నా నోటి నుంచి రాలేదు.

పాతది బయటికొచ్చింది. ఒక్క సంగతి అడగాలి. బేసిన్‌లోకి దిగినవి నీళ్ళలా లేవు. మా షాపులో మైదా జిగురు గిన్నెను రాత్రంతా వదిలేస్తే అడుగున ఎలా గట్టిపడుతుందో అలాంటి గోధుమరంగు ముద్దలు, మధ్యలో వెండిలా మెరిసే రవ్వలు. మూత తీసి లోపలికి టార్చి వేస్తే సన్నటి గొట్టాల నోళ్ళు సగానికి పైగా పూడుకుపోయి కనిపించాయి. ఇదేమిటి? తుప్పయితే మెరవదు కదా?

మీ తమ్ముడి భార్య

*

బస్సు డిపో, వర్క్‌షాపు,
మార్చి 4

నా తమ్ముడి భార్యకు,

పాత బండి, పాత నీళ్ళు. పేరుకుపోతుంది. అన్నిటికీ అర్థాలు వెతుక్కుంటూ కూర్చోకు. ఆ పాతదాన్ని పాతసామానువాడికి వేసెయ్. ఇంట్లో పెట్టుకోకు.

బిగించే ముందు ఇంజనులోకి పై పైపు గుండా మంచినీళ్ళు పట్టు. కింది పైపులోంచి తేటగా వచ్చేదాకా పట్టు, అరగంటైనా సరే. లోపల ఆ ముద్ద ఒక్కటి మిగిలినా కొత్తది కూడా పూడుకుపోతుంది. తర్వాత రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, బోల్టులు వేసి, ఫ్యాను ప్లగ్గు పెట్టి, పైపులకు కొత్త క్లిప్పులు వెయ్యి. పాతవి వాడకు. రేడియేటర్లో పోసే కూలెంట్ డబ్బా పంపాను, దానికి సమానంగా బ్యాటరీల్లో పోసే నీళ్ళు కలుపు. కొళాయి నీళ్ళు కలపకు.

పోశాక పైపుల్లో గాలి ఉంటుంది, అది బయటికి పోవాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి పెట్టి స్టార్ట్ చెయ్యి, లోపల హీటర్ వెయ్యి. బుడగలొస్తుంటాయి. మొహం దూరంగా పెట్టు. ఇంజను వేడెక్కాక నీటిమట్టం ఉన్నట్టుండి దిగుతుంది, మళ్ళీ పొయ్యి. బుడగలు ఆగాక మూత బిగించు. ఆ తర్వాత వేడి చూపించే ముల్లు మధ్యలో నిలబడాలి. నిలబడకపోతే బండి ఆపేసి నాకు రాయి.

మొహం దూరంగా పెట్టమన్నది ఇంకోసారి చదువుకో. వాణ్ణి ఆ చుట్టుపక్కలకు రానివ్వకు.

అక్క

*

ఇంటి నుంచి,
మార్చి 12

డిపో మెకానిక్‌గారికి,

మీరు చెప్పినట్టే చేశాను. నీళ్ళు తేట పడడానికి నలభై నిమిషాలు పట్టింది. ముల్లు మధ్యలో నిలబడింది. గురువారం ఆయన్ని కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఒక్క చుక్క కారలేదు. పని సంగతి ఇంతటితో అయిపోయింది.

ఇక రెండో సంగతి. ఏ కబురు రాసినా ఒక పేజీ తిట్టి గాని మొదలుపెట్టని మనిషి, ఆ ముద్ద గురించి అడిగితే ఒక్క తిట్టు కూడా లేకుండా రెండు ముక్కల్లో తేల్చేశారు. పైగా ఇంట్లో పెట్టుకోవద్దన్నారు. అందుకే పెట్టుకున్నాను. మార్కెట్లో రేడియేటర్లకు టంకం వేసే ముసలాయన ఉన్నాడు, ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన పక్క రేకు కోసి చూపించాడు. "ఎవరో లీకు పొడి పోశారమ్మా. కారే చోట పూడుకుంటుందని పోస్తారు. ఒక ప్యాకెట్టయితే పోనీ అనుకోవచ్చు. ఇందులో రెండో మూడో పోశారు. కారే చోటుతో పాటు పారే చోటు కూడా పూడిపోయింది. ఇది వేడెక్కకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. "నేనే పోశాను" అన్నారు, వెంటనే. ఏ రంగు పొడి అని అడిగాను. తెల్లగా ఉంటుందన్నారు. పోసినవాళ్ళకు అది వెండిరంగని తెలుస్తుంది.

సెప్టెంబరులో మీరు మా ఇంటికొచ్చి రెండు రోజులున్నారు. రెండో రోజు పొద్దున మీరిద్దరూ బానెట్ ఎత్తి గుసగుసలాడుకుంటున్నారు. నేను రాగానే ఆపేశారు. ఆ తర్వాత ప్రమాదం దాకా ఆ బండి మీద చెయ్యి వేసినవాళ్ళు లేరు.

నలుగురిలో నన్ను నిలబెట్టి, నా మొగుడి కళ్ళు నేనే పోగొట్టానన్నారు. ఆసుపత్రిలో ఆయాలు కూడా నన్ను అదోలా చూశారు. నాలుగు నెలలు ఆ మాట మోశాను. ఇప్పుడు మీరు చెప్పండి.

*

బస్సు డిపో, వర్క్‌షాపు,
మార్చి 20

మరదలికి,

అవును. పోశాను. రెండు ప్యాకెట్లు.

ఆ పొద్దున కింద తడి చూశాను. రేడియేటర్ మార్చాల్సిందే. మా డిపో స్టోర్లో ఒకటి పక్కన పెట్టించాను, వచ్చే నెల తెచ్చి బిగిస్తానని వాడితో అన్నాను. అంతదాకా ఆగుతుందని పొడి పోశాను. ఒకటి సరిపోలేదు, రెండోది పోశాను. నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఎవరైనా ఆ పని చేస్తే చెవి పట్టుకుని షెడ్డు బయట నిలబెడతాను. నీకు చెప్పొద్దని వాడికి చెప్పింది కూడా నేనే. చెబితే ఈ బండి అమ్మెయ్యమంటావని. నేను చేతులారా కట్టి ఇచ్చిన బండి గురించి నీ నోట ఆ మాట రావడం నాకు ఇష్టం లేకపోయింది.

అన్న నెలలో రాలేదు. డిపోలో బస్సులు వరసగా పాడయ్యాయి, ఆదివారాలు కూడా పని. వాడు ఒకసారి ఫోను చేసి, "అక్కా, ముల్లు పైకి పోతోంది" అన్నాడు. "మెల్లగా నడుపు, వస్తా" అన్నాను. పన్నెండు రోజుల తర్వాత ఆసుపత్రికి వచ్చాను.

నువ్వు పంపే ఏదో ఒక ఉత్తరంలో అది బయటపడుతుందని తెలుసు. అయినా ఆ రేడియేటర్ నీ చేతే విప్పించాను. నీ చేతికి దొరికితే దొరికిందిలే అనుకున్నానేమో. తెలియదు.

ఇది చెప్పినంత మాత్రాన నిన్ను వదిలేశాననుకోకు. బండి వేడెక్కడానికి కారణం నేను. వేడెక్కిన బండి మూత తిప్పడానికి కారణం నేను కాదు. పొంగినా అరగంట ఆగితే చల్లబడేది, ఎవరి కళ్ళూ పోయేవి కావు. వాడెందుకు ఆగలేదో నీకే తెలుసు. నేను రాశాను. నువ్వూ రాయి.

అక్క

*

ఇంటి నుంచి,
మార్చి 29

వదినగారికి,

రాయకూడదని వారం రోజులు అనుకున్నాను. మీరు రాశాక నేను రాయకపోతే మీకంటే చిన్నదాన్నవుతాను. అది నాకు ఇష్టం లేదు.

ఆ రోజు పదకొండు లోపు ఒక స్కూలుకు రెండు వందల రికార్డు పుస్తకాలు అందించాలి. వెనక సీటు నిండా అవే. వంతెన ఎక్కుతుంటే ముల్లు ఎరుపులోకి పోయింది, పొగొచ్చింది. ఆయన పక్కకు తీసి ఆపారు. "అరగంట ఆగాలి" అన్నారు. అప్పటికి పదిన్నర. నేను గొణిగాను. దిగి అటూ ఇటూ తిరిగాను. ఆయన బానెట్ ఎత్తి చేతులు కట్టుకుని నిలబడ్డారు. అప్పుడు అన్నాను. "మీ అక్కయితే ఈపాటికి బాగుచేసి బయల్దేరేది" అని.

అంతే అన్నాను. తిట్టలేదు, అరవలేదు. ఆయనకు ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు కాబట్టే ఆ మాట అన్నాను. పెళ్ళైన దగ్గర్నుంచీ మీ పేరెత్తితే ఆయన ఎలా అయిపోతారో చూస్తూనే ఉన్నాను. మీరు చేసే పని తనకు రాదని లోపల ఒక చిన్నతనం ఉంది. ఆయన జేబులోంచి రుమాలు తీసి మూత మీద వేశారు.

పోలీసులకూ డాక్టరుకూ మా అమ్మకూ అందరికీ ఆయన ఒకటే చెప్పారు. "నేనే తొందరపడ్డాను" అని. నేను పక్కనే నిలబడి విన్నాను. కాదని అనలేదు. మీరు వరండాలో అన్నప్పుడు నాకు కోపం వచ్చింది మీరు అబద్ధం చెప్పినందుకు కాదు. చూడకుండానే కనిపెట్టినందుకు.

ఇప్పుడు మీ దగ్గర నా మాట ఉంది, నా దగ్గర మీ మాట ఉంది. మీరు ఈ ఉత్తరం ఆయనకు పంపినా నేను ఆపలేను. మీ మీద నాకు కోపం తగ్గలేదు.

*

బస్సు డిపో, వర్క్‌షాపు,
ఏప్రిల్ 6

మరదలికి,

నీ ఉత్తరం చించేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని ఇన్సులేషన్ టేపుతో అతికించాను. నువ్వు చూస్తే నవ్వుతావు, వంకరగా వచ్చింది.

నా పేరు వాడి మీద అలా వాడావు. దాన్ని నేను క్షమించడం అంటూ ఉండదు. నా పొడిని నువ్వు క్షమించాల్సిన పని కూడా లేదు.

నీ ఉత్తరం వాడికి పంపను. ఆపరేషన్‌కు నేను రాను, వాడు రమ్మనలేదు. కట్టు విప్పిన రోజు ఒక్క ముక్క రాయి. కనబడిందా, లేదా. ఇంకేం వద్దు.

అక్క

*

కంటి ఆసుపత్రి, రెండో అంతస్తు,
ఏప్రిల్ 30

వదినగారికి,

కట్టు విప్పారు. కుడి కంటితో గోడ మీది గడియారం చూసి టైము చెప్పారు. నాలుగు నిమిషాలు తేడా చెప్పారు గాని, తేడా గడియారంలోనే ఉందట.

మీరు అడిగింది ఒక్క ముక్క. ఇంతకంటే రాయను.

*

మీ డిపో గేటు ఎదురుగా, కారులోంచి,
మే 19

వదినగారికి,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. వాచ్‌మన్ చేతికిచ్చి లోపలికి పంపుతాను.

పోయిన వారం డాక్టరు ఆయన్ని రోజుకు కాసేపు చదవమన్నారు. ఇంట్లో ఏముంది చదవడానికి అని అడిగారు. షాపులో పుస్తకాలు బోలెడు ఉన్నాయి. నేను బీరువాలోంచి మీ ఉత్తరాలు తీసి ఒళ్ళో పెట్టాను. నేను మీకు రాసినవాటికి నా దగ్గర చిత్తుప్రతులున్నాయి, అవి కూడా వరసలో పెట్టాను. ఎందుకు పెట్టానో అడగకండి. ఆయన ముందు నిలబడి నోటితో చెప్పలేకపోయాను, అంతే. కన్ను వచ్చాక ఆయన చదివిన మొదటి కాగితాలు అవే.

రెండు రోజులు చదివారు. ఒక్కో కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో లైనూ. రెండో రోజు సాయంత్రం కాగితాలు మడిచి నా చేతికిచ్చారు.

"పొడి వల్లే బండి వేడెక్కిందని నాకు తెలియదనుకుందా అక్క? పక్కనే నిలబడి ప్యాకెట్టు చించి ఇచ్చాను. రంగు మర్చిపోయాను, అంతే. వరండాలో అక్క నిన్ను అంటుంటే ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అక్కడే కూలిపోతుందని పొమ్మన్నాను" అన్నారు.

నేను కాగితాలు బీరువాలో పెట్టబోయాను.

"నువ్వు అన్నదీ విన్నాను. చెవులు పోలేదు కదా నాకు. మూత తిప్పింది నా చెయ్యి. వేడిగా ఉందని తెలిసే తిప్పాను. ఐదు నెలలు నా మొహం మధ్యలో పెట్టుకుని మీరిద్దరూ పోట్లాడుకున్నారు. ఒక్కరు కూడా నన్ను అడగలేదు. కట్టు కట్టింది కళ్ళకు, నోటికి కాదు" అన్నారు.

ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. వదినగారూ, నాకు భయమేసింది. తర్వాత కాసేపటికి, "పొద్దున్నే కారు తియ్యి. డిపోకి వెళ్దాం" అన్నారు.

నాలుగున్నర గంటలు నేనే నడిపాను. ముల్లు మధ్యలోనే ఉంది. దారంతా ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఒకటే కంటితో దాన్నే చూస్తూ కూర్చున్నారు. నన్ను చూడలేదు. మీ గేటు దగ్గర ఆపమని చెప్పి, దిగమంటే దిగనన్నారు. "మీరిద్దరూ కాగితాల మీద అన్నవన్నీ నా ఎదురుగా, మొహాలు చూసుకుంటూ అనండి. నేను వింటాను. తర్వాత నేను అనాల్సినవి ఉన్నాయి, మీరు వినండి" అన్నారు.

అందుకని బయటికి రండి. మంచి చేసుకోవడానికి పిలవడం లేదు. నేను రాసిన మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. మీరూ తీసుకోరని తెలుసు. చేతులు కడుక్కుని రావాల్సిన పని లేదు, గ్రీజు చేతులతోనే రండి. వెనక సీటు ఖాళీ చేసి పెట్టాను.

ఎవరొచ్చారని చెప్పమంటారని వాచ్‌మన్ అడుగుతున్నాడు. ఆయన వైపు చూశాను. ఇంట్లోవాళ్ళు వచ్చారని చెప్పమన్నాను.